జిల్లా అంటే కొండొక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం. 1911 నుంచి ఉన్న చిత్తూరు జిల్లాలో నుంచి మా తిరుపతి 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది కదా, నెల్లూరు వైపు గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట కూడా వచ్చి కలిసినాయి, అంటే ఇప్పుడు శేషాచలం అడవీ మాదే పులికాట్ సరస్సూ మాదే. అయినా జిల్లా గురించి రాయమంటే మా పాప తిరుమల తప్ప ఇంకేం రాయలేదు. సరేలే అని ఆదివారం శ్రీకాళహస్తి తీసుకపోయినా. అక్కడ ఒకాయన వెదురు కలంతో కలంకారీ బొమ్మ గీస్తా ఉన్నాడు, గుడ్డని ముందే కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఎండేస్తారంట, నలుపేమో ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి తీస్తారు, ఆ కుండ దగ్గరికి పోయి పాప ముక్కు మూసుకునింది. పాత శివాలయం ఉన్న గుడిమల్లం ఊరికి టైం చాలక పోలేదు. మీ జిల్లా పేజీలో వారానికొక ఊరి గురించి వేయండి సార్, చిత్తూరోళ్లవి కూడా.

- ఒక పాఠకురాలు, తిరుపతి