షాంఘై పాత సందుల సంగతి

సంపాదకులకు,

చైనా అంటే మన పత్రికల్లో బుల్లెట్ రైళ్లు, టవర్లే కనిపిస్తాయి, ఆ టవర్ల నీడలో మిగిలిన పాతపేటల గురించి రాసేవాళ్లు తక్కువ. ఈమధ్య ఆఫీసు పనిమీద షాంఘై వెళ్లినప్పుడు షిన్‌తియాన్‌దీ అనే పాతపేట చూశాను. బూడిదరంగు ఇటుక గోడలు, రాతి ద్వారబంధాల్లో నల్లటి చెక్క తలుపులు, షికుమెన్ ఇళ్లంటారు వీటిని. 1921లో చైనా కమ్యూనిస్టు పార్టీ మొదటి మహాసభ జరిగిన ఇల్లూ అక్కడే ఉంది, నాలుగడుగులు వేస్తే మాత్రం కాఫీ ఖరీదు చూసి కళ్లు తిరుగుతాయి! 2001లో ఈ పేటను ముస్తాబు చేసి తెరిచారు. గోడలైతే నిలబెట్టారు గానీ, వాటి మధ్య కాపురమున్న కుటుంబాలను అంతకుముందే ఖాళీ చేయించి వేరేచోట్లకు పంపేశారు.

నాకు అదే ఊళ్లోని మరో పాతపేట తియాన్‌జిఫాంగే నచ్చింది. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు సందులు, కింద దుకాణాలు, పైన ఇంకా కొందరు కాపురముంటున్నారు, మనం ఫొటో తీసుకుంటుంటే కర్రలకు ఆరేసిన బట్టల నీళ్లు నెత్తిన పడతాయి. పాపం, మాలాంటి టూరిస్టుల గోల వాళ్లకు పొద్దస్తమానం ఉండేదే.

పాత కట్టడాల గురించి ఈసారి రాసేటప్పుడు, అందులో ఉన్నవాళ్లు ఎక్కడికి పోయారో కూడా మీ విలేకరులతో అడిగించండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం