అమ్మకు కనబడుతున్న పిల్లల గురించి వదినకు ఉత్తరం

లెస్టర్, ఇంగ్లండ్

పూజ్యులైన వదిన గారికి మీ ఆడపడుచు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమందరమూ క్షేమంగా ఉన్నాము. చంద్రగిరిలో మీరూ, అన్నా, పిల్లలూ కుశలమని తలుస్తాను.

మొన్న ఫోనులో మీరు గొంతు తగ్గించి చెప్పిన సంగతి గురించి వివరంగా వ్రాయాలని కూర్చున్నాను. నీటికాసుల (గ్లాకోమా) వల్ల చూపు బాగా తగ్గిన అమ్మకు సాయంత్రం వెలుతురు తగ్గగానే నడవలో పట్టుపావడాలు కట్టుకున్న చిన్నపిల్లలు వరుసగా నిలబడి కనిపిస్తున్నారనీ, పలకరిస్తే బదులు చెప్పరనీ, కొన్నిసార్లు గోడ నిండా చుక్కల ముగ్గు పరుచుకున్నట్టు గీతలు కనబడుతున్నాయనీ చెప్పారు. ఇరుగుపొరుగువారు గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించండి అంటున్నారనీ, మీరు తీసుకువెళ్ళి చూపించిన డాక్టరు పెద్దవయసులో ఇవన్నీ మామూలేనని నిద్రమాత్రలు వ్రాసి పంపించారనీ, తల్లికి మతి తప్పుతోందేమోనన్న దిగులుతో అన్న సరిగా అన్నం కూడా తినడం లేదనీ అన్నారు. అమ్మ పక్కనే ఉండడం వల్ల నేనప్పుడు ఎక్కువగా మాట్లాడలేదు. ఈ ఉత్తరం మీరు చదివిన తరువాత అన్నకు కూడా చదివి వినిపించండి.

చూపు బాగా తగ్గినవారికి లేని మనుషులు, లేని వస్తువులు కనబడడం వైద్యశాస్త్రం ఎరిగిన విషయమే. దీనిని చార్లెస్ బానెట్ సిండ్రోమ్ అంటారు. ఇది మానసిక వ్యాధి కాదు, మతిమరుపు జబ్బుకు మొదలూ కాదు. జెనీవాకు చెందిన బానెట్ అనే శాస్త్రవేత్త 1760లో తన తాతగారి అనుభవాన్ని గ్రంథస్థం చేశాడు. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చి చూపు క్షీణించిన ఆ పెద్దాయనకు మనుషులు, పక్షులు, బండ్లు, భవనాలు కనిపించేవి. అవి నిజం కావని ఆయనకు స్పష్టంగా తెలుసు, ఆయన తెలివితేటలకు ఏ లోపమూ లేదు. తరువాతి కాలంలో బానెట్‌కే చూపు తగ్గినప్పుడు ఆయనకూ అలాంటి దృశ్యాలు కనబడ్డాయి. ఇంత పాత సంగతి ఇప్పటికీ ఎంతోమంది వైద్యుల దాకా చేరకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

కారణం కూడా మీకు తెలియాలి, ఎందుకంటే కారణం తెలిస్తేనే ఇంట్లో భయం తగ్గుతుంది. మనం చూసేది కంటితోనే అయినా, దృశ్యాన్ని తయారు చేసేది మెదడు వెనుక భాగం. నీటికాసుల వల్లనో, రెటీనా మధ్యభాగం అరిగిపోవడం వల్లనో, చక్కెర జబ్బు వల్లనో కంటి నుంచి అందవలసిన సమాచారం తగ్గిపోతే ఆ భాగం ఊరుకోదు. తనంతట తానే పనిచేయడం మొదలుపెట్టి దృశ్యాలను పుట్టిస్తుంది. కాలు తీసివేసిన మనిషికి ఆ లేని కాలే నొప్పి పెట్టినట్టు అనిపించడం మీరు వినే ఉంటారు. ఇదీ దాదాపు అటువంటిదే. 1998లో లండన్‌లో డొమినిక్ ఫిచ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇలాంటి రోగులకు మెదడు స్కానింగు చేసి చూశారు. రంగులు కనబడుతున్నవారికి మెదడులో రంగులను గుర్తించే చోటు, ముఖాలు కనబడుతున్నవారికి ముఖాలను గుర్తించే చోటు ఆ సమయంలో చురుకుగా ఉన్నట్టు తేలింది. అంటే అమ్మ ఊహించుకుని చెప్పడం లేదు, కల్పించడం అంతకంటే లేదు. ఆమె మెదడు ఆ పిల్లలను నిజంగానే చూస్తోంది.

నాకు ఇదంతా తెలియడానికి కారణమైనవారి గురించి కూడా చెప్పాలి. ఈ దేశంలో జూడిత్ పాట్స్ అనే పాత్రికేయురాలు ఉన్నారు. ఆమె తల్లి పేరు ఎస్మీ. ఎస్మీ గారికి కూడా అమ్మలాగే నీటికాసుల వల్ల చూపు పోయింది. ఒంటరిగా, తన పనులు తానే చేసుకుంటూ బ్రతికిన ఆ పెద్దావిడ ఒకరోజు ఉన్నట్టుండి, ఈ మనుషులు తన సోఫా మీద నుంచి లేచిపోతే బాగుండునని కూతురితో అన్నారట. పాతకాలపు దుస్తులు వేసుకున్న ఒక వీధిపాప, వికృతమైన ముఖం గల ఒక ఆకారం ఆమెకు కనిపిస్తూ ఉండేవి. అంతదాకా ఆమె ఎవరితోనూ ఆ మాట అనలేదు, మతి పోయిందని అనుకుంటారేమోనన్న భయంతో. కూతురు వెతుక్కుంటూ వెళితే ఈ స్థితి గురించి సరిగా చెప్పగలిగిన వైద్యులు దొరకడమే కష్టమైపోయింది. తల్లి పోయిన తరువాత జూడిత్ గారు ఆ బాధను అక్కడితో వదిలేయక, 2015 నవంబరు 16న బ్రిటిష్ పార్లమెంటు భవనంలో ‘ఎస్మీస్ అంబ్రెల్లా’ అనే సేవాసంస్థను ప్రారంభించారు. ఆ తేదీనే ఇప్పుడు ఏటా ఈ స్థితిపై అవగాహన దినంగా జరుపుకుంటున్నారు. స్కానింగు పరిశోధన చేసిన ఫిచ్ గారే ఆ సంస్థకు వైద్య సలహాదారు.

వారు ముఖ్యంగా చేసేది రెండు రకాల పని, వదినా. ఒకటి, కంటి వైద్యులకూ, కళ్ళజోళ్ళ పరీక్షలు చేసేవారికీ, ఇంటి డాక్టర్లకూ చూపు తగ్గిన ప్రతి మనిషినీ ముందుగానే హెచ్చరించమని పదేపదే చెప్పడం. చూపు తగ్గుతున్నప్పుడే, ఇకమీదట మీకు లేనివి కనబడవచ్చు, భయపడకండి అని ఒక్క మాట చెబితే ఎంతోమంది మౌనంగా కుమిలిపోకుండా ఉంటారు. రెండవది, ఫోను చేసినవారి మాట ఓపికగా వినడం. ఆ ఫోనులు చేసేది రోగులే కాదు, వారిని చూసుకునే భార్యలు, భర్తలు, కూతుళ్ళు, కోడళ్ళు కూడా. నాకు ఈ రెండవ పనే ఎక్కువ గొప్పగా తోస్తుంది. మందు లేని చోట మనిషి వినడం కంటే పెద్ద సహాయం వేరే ఏముంటుంది?

నేను పనిచేసే గ్రంథాలయంలో చూపు మందగించిన పెద్దవారు నెలకొకసారి కలుసుకుంటారు. అక్కడ ఒక గుజరాతీ పెద్దావిడ, కోడలి చేయి పట్టుకుని వచ్చి, తనకు వంటింట్లో ఏనుగులు కనబడతాయని అందరి ముందూ చెప్పారు. వెంటనే పక్కన కూర్చున్న ఒక ఆంగ్లేయుడు తనకు ఇటుకగోడలు కనబడతాయన్నాడు, ఇంకొకావిడ టోపీలు పెట్టుకున్న మరుగుజ్జు మనుషులన్నారు. ఆ రోజు ఆ కోడలి ముఖంలో కనిపించిన నిశ్చింత చూసినప్పటి నుంచి మీరే నాకు గుర్తుకు వస్తున్నారు.

ఇక మనం చేయవలసినవి. మొదటగా, ఇది చార్లెస్ బానెట్ సిండ్రోమేనని నిర్ధారించవలసినది వైద్యులు, నేను కాదు. అమ్మను తిరుపతిలోని అరవింద కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఆమెకు కనబడే దృశ్యాలన్నీ దాచకుండా చెప్పండి. ఆమె వాడుతున్న మందులన్నీ, ఆ నిద్రమాత్రలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి, ఎందుకంటే కొన్ని మందుల వల్ల కూడా ఇలాంటివి కనబడతాయి. కంటిచుక్కలు మాత్రం ఏ కారణం చేతా మానవద్దు. నీటికాసులలో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలుపుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. రెండవ కంటిలో శుక్లం ముదిరిందేమో కూడా అడగండి. ఉన్న చూపును కొంతైనా మెరుగుపరచగలిగితే దృశ్యాలు తగ్గే అవకాశం ఉంటుంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో నరాల వైద్యులకు చూపించాలి. ఆ పిల్లలు మాట్లాడుతున్నారని, తనను పిలుస్తున్నారని అమ్మ అన్నా, వారు నిజంగానే ఉన్నారని పట్టుబట్టి నమ్మినా, తేదీలూ మనుషులూ తారుమారైనా, చేతులు వణికి నడక మారినా ఆలస్యం చేయవద్దు. జ్వరంతోనో, మూత్రంలో మంటతోనో హఠాత్తుగా తికమక మొదలైతే ఆ రోజే చూపించండి. బానెట్ దృశ్యాలకు శబ్దం ఉండదు, వాసన ఉండదు, స్పర్శ ఉండదు. మీరు చెప్పినదాన్ని బట్టి అమ్మకు ఇప్పటివరకు కనబడినవన్నీ మౌనంగానే ఉన్నాయి, అవి నిజం కావన్న ఎరుకా ఆమెకు ఉంది. నాకు ధైర్యం కలిగించినది అదే.

దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు గానీ, ఇక్కడివారు నేర్పే చిన్న ఉపాయాలు కొన్ని ఉన్నాయి. దృశ్యం కనబడగానే దీపం వేయాలి, లేదా కూర్చున్న చోటు నుంచి లేచి వేరే గదిలోకి వెళ్ళాలి. తల కదపకుండా కళ్ళను మాత్రం ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఒక అర నిమిషం పాటు తిప్పాలి. కనబడుతున్నదాని వైపు చేయి చాచడం, సూటిగా దానినే చూడడం కొందరికి పనిచేస్తుంది. మసక వెలుతురులో, ఏ పనీ లేకుండా కూర్చున్నప్పుడు ఇవి ఎక్కువగా వస్తాయి కనుక నడవలో పెద్ద బల్బు పెట్టించమని అన్నతో చెప్పండి. సాయంత్రం పూట అమ్మ చేత చిక్కుడుకాయలు తుంపించండి, పూలు కట్టించండి. ఆమె చేతులకు కళ్ళు అవసరం లేదు. కొందరికి కాలం గడిచేకొద్దీ దృశ్యాలు పలచబడతాయి, కొందరికి ఏళ్ళ తరబడి ఉంటాయి. కాబట్టి త్వరలో పోతాయని ఆమెకు మాట ఇవ్వవద్దు, హాని చేయవని మాత్రం గట్టిగా చెప్పండి.

ఇప్పుడు మీ గురించి. అమ్మ అర్ధరాత్రి లేచి పిలిస్తే లేచేది మీరు. పగలంతా ఇంటిపని, పిల్లల చదువు, రాత్రి ఈ జాగరణ, దాని మీద కోడలు సరిగా చూసుకోవడం లేదేమోనని చుట్టాలు వేసే ప్రశ్నలు. ఇవన్నీ మీరు నాతో చెప్పలేదు, నాకు తెలుసు. వారానికి కనీసం మూడు రాత్రులు అన్న అమ్మ గదిలో పడుకోవాలి. తల్లి బాధ్యత కొడుకుదీ కూతురిదీ అయిన తరువాతనే కోడలిది. పగలు తోడుగా ఉండడానికి ఒక మనిషిని కుదుర్చుకోండి, ఆ జీతం నెలనెలా నేను పంపుతాను, దీనికి మీరు మొహమాటపడితే నాకు కష్టం వేస్తుంది.

ఇంకొక కోరిక. పలమనేరు నుంచి, పాకాల నుంచి, శ్రీకాళహస్తి నుంచి తిరుపతికి కళ్ళు చూపించుకోవడానికి ఎంతమంది అవ్వలూ తాతలూ వస్తారో మీకు తెలుసు. వారిలో ఎందరు ఇలాంటివి చూస్తూ, దెయ్యమనో పిచ్చి అనో అంటారని నోరు మూసుకుని ఉన్నారో! జూడిత్ గారు చేసిన పనిలో ఒక చిన్న భాగమైనా మన ఊళ్ళో జరగాలని నా ఆశ. మీ పొదుపు సంఘం సమావేశంలో అమ్మ పేరు చెప్పకుండానే ఈ సంగతి ఒక్కసారి ఎత్తండి. ఇంట్లో చూపు లేని పెద్దవారిని చూసుకునేవారు మీలో ఇద్దరో ముగ్గురో తప్పక ఉంటారు. నేను ఒక పేజీలో సరిపోయేటట్టు తెలుగులో వ్రాసి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. కంటి ఆసుపత్రిలో డాక్టరుకు చూపించి, తప్పులుంటే దిద్దించి, వారు సరేనంటే బయటి రోగులు కూర్చునే హాలులో అంటించమని అడగండి.

అమ్మను మాత్రం ఈరోజే అడగండి. ఏం కనబడుతున్నాయమ్మా అని గుచ్చి గుచ్చి కాక, చూపు తగ్గినవారిలో చాలామందికి రకరకాల బొమ్మలు కనబడతాయట, మీకు ఇవాళ ఏమైనా కనబడ్డాయా అత్తమ్మా అని మామూలుగా అడగండి. ఆమె చెప్పింది తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెడితే డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం మీ టైము ప్రకారం మూడు గంటలకు ఫోను చేస్తాను, ఆసుపత్రికి ఏ రోజు వెళ్ళేదీ అప్పుడు అనుకుందాం.

అన్నకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ ఆడపడుచు