కాకస్‌లో చివరిదాకా కూర్చున్నవారిదే మాట

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ఏడాది రాగానే ‘అయోవా కాకస్‌లో ఫలానా అభ్యర్థి గెలుపు’ అని మన పత్రికల్లో శీర్షికలు వస్తాయి, కింద శాతాలు వేస్తారు. చదివినవారికి అది మన బూత్‌లో ఓట్ల లెక్కింపులాగే కనిపిస్తుంది. నిజానికి కాకస్ అంటే, అధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే క్రమంలో పెట్టుకునే ఒక పార్టీ సమావేశం. పై సమావేశానికి వెళ్లే డెలిగేట్లను (ప్రతినిధులను) అక్కడ ఎన్నుకుంటారు. డెలిగేట్ల సంగతి వదిలేసి శాతాలు మాత్రం రాస్తే సగం వార్తే రాసినట్టు.

మన దగ్గర టికెట్ సంగతి అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం చేతికొచ్చేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు. అయోవా రాష్ట్రంలో ఆ పని కింది నుంచి మొదలవుతుంది. దాదాపు మన పోలింగ్ బూత్ పరిధి అంత ఉండే ప్రిసింక్టులు అక్కడ 1,600కు పైగా ఉన్నాయి. ప్రిసింక్టు నుంచి కౌంటీ (మన జిల్లా లాంటిది) సమావేశానికి, కౌంటీ నుంచి ప్రతినిధుల సభ నియోజకవర్గ, రాష్ట్ర సమావేశాలకు, చివరికి అభ్యర్థిని ఖరారు చేసే జాతీయ సమావేశానికి డెలిగేట్లు వెళతారు.

డెమోక్రాట్లు 2020లో పాటించిన లెక్క చూడండి. ఏ ప్రిసింక్టుకు ఎంతమంది డెలిగేట్లో అంతకుముందు అధ్యక్ష, గవర్నర్ ఎన్నికల్లో అక్కడ పార్టీకి పడిన ఓట్లను బట్టి ముందే ఖరారవుతుంది. ఆ రాత్రి హాలు కిక్కిరిసినా ఒక్క డెలిగేట్ కూడా పెరగడు. రాత్రి 7 గంటలకల్లా వరుసలో నిలబడినవారినే లెక్కలోకి తీసుకుంటారు. ఒక హాల్లో 120 మంది, 6 డెలిగేట్ స్థానాలు అనుకుందాం. అభ్యర్థుల వారీగా జనం విడివిడిగా గుమికూడతారు. 15 శాతం, అంటే 18 మంది లేని గుంపు నిలవదు. (స్థానాలు మూడే ఉంటే ఆరో వంతు, రెండే ఉంటే నాలుగో వంతు కావాలి.) గుంపుల్లో 48, 36, 22, 14 మంది ఉన్నారంటే ఆ 14 మంది వేరే గుంపులో కలవాలి, లేదా ఇంటికి పోవచ్చు. రెండో విడత అయ్యేసరికి 50, 42, 26 మిగిలారు, ఇద్దరు వెళ్లిపోయారు. అయినా భాగించేది మొదటి 120తోనే. 50ని 6తో గుణించి 120తో భాగిస్తే 2.5, మిగతా గుంపులకు 2.1, 1.3 వస్తాయి. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 3, 2, 1 స్థానాలు. మొదటి రెండు గుంపుల మధ్య తేడా ఎనిమిది మందే, కానీ డెలిగేట్లలో ఒకరికి ఒకటిన్నర రెట్లు! స్థానం ఎవరిదో తేలక సమానమైతే నాణెం ఎగరేసిన సందర్భాలూ ఉన్నాయి. మన పంచాయతీ ఎన్నికల్లో సమాన ఓట్లు వస్తే లాటరీ తీయడం లాంటిదే ఇదీ.

అందుకే 2020లో డెమోక్రాటిక్ అభ్యర్థుల్లో మొదటి విడత జనం లెక్కలో శాండర్స్ సుమారు 6,000 మంది తేడాతో ముందున్నా, రాష్ట్ర డెలిగేట్ల లెక్కలో బుటిజజ్ వెంట్రుకవాసి తేడాతో పైన నిలిచారు. ఫలితాలు పంపే యాప్ మొరాయించి, ఫోన్ లైన్లు నిండిపోయి ఆ రాత్రి అసలు ఫలితమే రాలేదు. అందరూ యాప్‌నే తిట్టారు. అయితే మొదటిసారిగా మూడు రకాల అంకెలు (మొదటి విడత జనం, రెండో విడత జనం, డెలిగేట్లు) ఒకేసారి ప్రకటించాల్సి రావడం గందరగోళాన్ని ఇంకా పెంచింది.

ఇంతకంటే పెద్ద పాఠం 2012 రిపబ్లికన్ కాకస్. ఈ పార్టీవారు గుంపులుగా విడిపోరు, చీటీల మీద ఓటేస్తారు. ఆ రాత్రి రామ్నీ 8 ఓట్లతో ముందున్నారన్నారు. రెండు వారాల తర్వాత ధ్రువీకరించిన లెక్కలో శాంటోరమ్‌కు 34 ఓట్ల ఆధిక్యం వచ్చింది, 8 ప్రిసింక్టుల కాగితాలు దొరకనే లేదు. ఆగస్టులో టాంపా జాతీయ సమావేశానికి వచ్చేసరికి అయోవాకున్న 28 ఓట్లలో 22 మూడో స్థానంలో ఉన్న రాన్ పాల్‌కు పడ్డాయి! చీటీల ఫలితానికి డెలిగేట్లు కట్టుబడాలన్న నియమం అప్పుడు లేదు. చీటీ వేసి చాలామంది ఇళ్లకు పోయారు. పాల్ మనుషులు మాత్రం కూర్చుని తామే కౌంటీ డెలిగేట్లుగా ఎన్నికయ్యారు, ఆపై ప్రతి మెట్టులోనూ హాజరయ్యారు. 2016 నుంచి ఫలితానికి కట్టుబడాలన్న నియమం పెట్టారు. 2024లో 40 స్థానాలను ఓట్ల నిష్పత్తిలో పంచితే ట్రంప్‌కు 20 వచ్చాయి. డెమోక్రాట్లు ఆ ఏడాది అభ్యర్థి ఎంపికను పోస్టు ద్వారా ఓటింగ్‌గా చేసి, ఫలితం మార్చి 5న చెప్పారు.

మన తెలుగువారి పిల్లలు ఎందరో అక్కడ పౌరులయ్యారు, వారికి ఇది కొరకరాని కొయ్య కాకూడదు. మిన్నెసోటా రాష్ట్రంలో అధ్యక్ష అభ్యర్థికి ఇప్పుడు ప్రైమరీ (మామూలు ఓటింగ్‌తో అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) ఉన్నా, సరి సంవత్సరాల్లో కాకస్‌లు జరుగుతూనే ఉన్నాయి. గవర్నర్ అభ్యర్థికి పార్టీ మద్దతు ప్రకటించే డెలిగేట్ల ఎంపిక అక్కడే మొదలవుతుంది. పదిరోజుల ముందు రాతపూర్వకంగా చెబితే కాకస్‌కు వెళ్లే ఉద్యోగికి యజమాని సమయం ఇవ్వాలని అక్కడి చట్టం, ఆ గంటల జీతం మాత్రం కోసుకోవచ్చు. సమావేశంలో డెలిగేట్ల పేర్లు పిలిచే సమయానికి సగం మంది లేచిపోతారు. స్థానాలకు సరిపడా మనుషులు లేని ప్రిసింక్టుల్లో ‘నేను వెళతాను’ అని చేయెత్తితే చాలు, డెలిగేట్ అయిపోవచ్చు.

హెచ్1బీ వీసా మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్నవారికి మాత్రం ఒక హెచ్చరిక. కాకస్ గుమ్మం దగ్గర ఇచ్చే కాగితాల్లో ఓటరు నమోదు పత్రం కూడా ఉండవచ్చు. పౌరసత్వం లేకుండా దాని మీద సంతకం చేస్తే వలస చట్టం కింద పెద్ద చిక్కే, పొరపాటున చేశామన్నా విడిచిపెట్టరు. చూడాలన్న ఆసక్తి ఉంటే నిర్వాహకులను అడిగి, ఏ కాగితమూ నింపకుండా పక్కన కూర్చోండి.

2028 వార్తలు రాసేటప్పుడు మీ పత్రిక ప్రతి కాకస్ ఫలితం పక్కన మూడు విషయాలు వేయాలని కోరుతున్నాను: అది ఏ విడత లెక్క, అభ్యర్థికి వచ్చిన డెలిగేట్లు ఎందరు, వారు ఆ ఫలితానికి కట్టుబడి ఉండాలా లేదా.

ఇట్లు,
రాజనీతి శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు