క్రూజ్ సెట్ అవ్వట్లేదా? ముందు బ్రేక్ లైటు చూడండి

అందరికీ నమస్తే. బైకులకి బయట కొని బిగించుకున్న క్రూజ్ కంట్రోల్ (థ్రాటిల్ పట్టుకోకుండానే ఒకే స్పీడులో నడిపించే కిట్) గురించి వాయిస్ మెసేజ్‌లు ఎక్కువయ్యాయి, అందుకే ఒకేచోట రాస్తున్నా. కిట్ కంట్రోల్ మాడ్యూల్ పోయిందని అప్పుడే బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపులకి పరిగెత్తకండి.

వెనక బ్రేక్ బల్బు తీసి ఎల్ఈడీ పెట్టారా? చాలా వాక్యూమ్ కిట్లకి (ఇంజిన్ వాక్యూమ్‌తో థ్రాటిల్‌ని లాగేవి) బ్రేక్ నొక్కనప్పుడు బ్రేక్ లైటు వైరు పాత బల్బు ఫిలమెంట్ ద్వారా గ్రౌండ్‌కి కలవాలి. ఎల్ఈడీతో ఆ దారి సరిగా ఉండదు, కిట్ మొండికేస్తుంది. రెసిస్టర్ పెట్టినా పనవుతుంది గానీ, బ్రేక్ పట్టినంతసేపూ అది వేడెక్కుతూనే ఉంటుంది. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఎంతసేపు బ్రేక్ పట్టుకుని నిలబడతామో తెలిసిందే కదా! నా ఓటు రిలేకే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్).

సెట్ అయ్యి వెంటనే వదిలేస్తుంటే బ్రేక్ స్విచ్ అడ్జస్ట్‌మెంట్ చూడండి. పెడల్ మీద కాలు ఊరికే ఆనినా లైటు వెలుగుతుంటే కారణం అదే. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే స్పీడు పడిపోతే వాక్యూమ్ గొట్టం పగిలిందేమో, చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) తిరగేసి పెట్టారేమో చూడాలి.

ఏం ముట్టుకున్నా, చివర్లో హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి, థ్రాటిల్ వదలగానే టక్కున మూసుకుంటోందో లేదో చూశాకే బండి తీయండి. ఇందులో రాజీ లేదు.

టెస్టుకి ఆదివారం పొద్దున్నే దేవనహళ్లి దాటాక ఎన్‌హెచ్ 44 మంచిది, వాన లేకపోతేనే. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు నుంచి బైకులకి అనుమతి లేదు, గుర్తుంచుకోండి.

ఇంకా తేలకపోతే బండి మోడల్, వైరింగ్ ఫోటో పెట్టండి. వాయిస్ మెసేజ్‌లు వద్దు బాబూ.