పక్షవాత రోగి గడప దగ్గరికే ఫిజియోథెరపీ రావాలి

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతం వచ్చిన మనిషిని ప్రభుత్వాసుపత్రి బతికించి ఇంటికి పంపుతోంది గానీ, ఆ తరువాత అతణ్ణి నడిపించే బాధ్యత ఎవరిదో ఉత్తర చెన్నైలో నేటికీ తేలలేదు. వ్యాసర్‌పాడి, కొరుక్కుపేట ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పారిశుద్ధ్య కార్మికులు, మూటలు మోసేవారు, ఇళ్లలో పాచిపని చేసే స్త్రీలు ఎందరో ఉన్నారు. అటువంటి ఇంట్లో ఒకరికి కాలూ చేయీ పడిపోతే ఆదాయం ఆ రోజుతోనే ఆగిపోతుంది.

పోయిన స్వాధీనం తిరిగి రావడమనేది చాలావరకు మొదటి మూడు నెలల్లోనే జరుగుతుందని వైద్యులు చెబుతారు. పేదలకు చికిత్స తప్పిపోతున్నది కూడా సరిగ్గా ఆ మూడు నెలల్లోనే. ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపీ ఉచితమే, అక్కడికి చేరడమే ఖరీదు. 2021 మే నుంచి స్త్రీలకూ, ఆ తరువాత వికలాంగులకూ వారి సహాయకులకూ సాధారణ బస్సుల్లో టిక్కెట్టు లేదు, నిజమే. కానీ బస్సు మెట్టు ఎక్కలేనివారికి ఆ రాయితీ ఏం పనికివస్తుంది? ఆటో కిరాయి, తోడు వెళ్లినవారి కూలి కలిపి లెక్క చూసుకుని కొద్ది రోజులకే మానేస్తారు. ఇక మిగిలేది తైలం మర్దన. రోగిని లేపడానికి పడిపోయిన చేతినే పట్టి లాగడంతో భుజం కీలు జారుతుంది, ఒకే వైపు పడుకోబెట్టడంతో పుండ్లు పడతాయి, మడమ బిగుసుకుపోయి కాలికి బలం వచ్చినా పాదం నేలకు ఆనదు.

ఇంటివారికే వ్యాయామాలు నేర్పితే సరిపోదా అని అధికారులు అనవచ్చు. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులతో దీన్ని పరీక్షించారు. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి పంపిన రోగులకూ, మామూలు సంరక్షణ పొందినవారికీ మధ్య ఆరు నెలల తరువాత మరణాల్లో గానీ, పరాధీనతలో గానీ తేడా కనిపించలేదని 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. పగలంతా పనికి వెళ్లి వచ్చే కోడలి చేతిలో వ్యాయామాల కాగితం పెట్టి (అదీ ఆమె చదవలేని భాషలో) మన పని అయిందనుకోవడం న్యాయం కాదు.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజలను వెతుక్కుంటూ వైద్యం) పథకంలో ఇంటి వద్ద ఫిజియోథెరపీ మొదటి నుంచీ ఉంది. బీపీ, షుగర్ మాత్రలు ఇళ్లకు చేరుస్తున్న ఆ పథకం 2024లో ఐక్యరాజ్యసమితి పురస్కారం అందుకోవడం మనకూ గర్వకారణమే. అయితే మాత్రలు నెలకొకసారి ఇచ్చి వెళితే చాలు, వ్యాయామం అలా కాదు. వారానికి కొన్ని సార్లయినా వచ్చి, కీళ్ల కదలిక చూసి, వ్యాయామాలను మార్చి చెప్పే మనిషి కావాలి.

అందుకే నగరపాలక సంస్థకు నా విన్నపం: రోగిని ఇంటికి పంపే రోజే ఆస్పత్రి నుంచి ఆ వార్డు ఆరోగ్య కేంద్రానికి సమాచారం అందాలి, వారంలోపు ఫిజియోథెరపిస్టు ఇంటికి రావాలి. రోగి లేచి కూర్చోగలిగాక, పేటలోని సముదాయ భవనంలోనే, ఇంటివారు పనుల నుంచి తిరిగొచ్చే సాయంత్రం వేళ, నలుగురైదుగురికి కలిపి సాధన చేయించవచ్చు. దీనికి కొత్త భవనాలేవీ అక్కర్లేదు. కావలసిన ఫిజియోథెరపిస్టుల పోస్టులకు మాత్రం రాబోయే బడ్జెట్‌లోనే నిధులు కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వ్యాసర్‌పాడి, చెన్నై