పొద్దు గుంకాక వాడే కరెంటుకు గ్యాస్ ఏదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది చిత్తూరు జిల్లా నగరి. ఇంట్లోనే నాలుగు పవర్‌లూమ్స్ పెట్టుకుని లుంగీలు నేస్తాం. పగలు కరెంటుకు లోటు లేదు. ఎండాకాలం పొద్దు గుంకాకే టెన్షన్. నడిచే మగ్గం టక్కున ఆగిందంటే, మళ్లీ ఆడించినచోట గుడ్డలో అడ్డంగా గీత పడుతుంది. ఆ లుంగీని సేటు సగం ధరకు అడుగుతాడు. 2022 ఏప్రిల్‌లో, ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే పెట్టిన రోజుల్లో, అలా ఎన్ని పోయాయో మా ఆవిడ నోట్‌బుక్‌లో ఇంకా ఉంది.

మగ్గాలు పెట్టకముందు నేను ఐటీఐ ఫిట్టర్ని. గోదావరి గట్టున గ్యాస్‌తో కరెంటు తీసే ఒక స్టేషన్‌లో మూడేళ్లు కాంట్రాక్టు పని చేశాను. అక్కడ గ్యాస్ టర్బైన్ స్టార్ట్ చేస్తే అరగంట తిరక్కుండానే కరెంటు గ్రిడ్‌కు ఎక్కేది. దాన్నుంచి వచ్చే పొగ వేడితో ఆవిరి పుట్టించి రెండో టర్బైన్ తిప్పేవారు. దానికి ఇంకాస్త టైం పడుతుంది. చల్లారిన బొగ్గు యూనిట్‌ను లేపాలంటే గంటలకు గంటలు కాచుకోవాలి. ముద్దనూరు బొగ్గు స్టేషన్ ఆర్టీపీపీ 1,650 మెగావాట్లదే, కానీ సాయంత్రం పిలిస్తే సాయంత్రమే పలికే రకం కాదది.

ఇప్పుడు సీమలో ఎన్‌పీ కుంట లాంటి సోలార్ పార్కులున్నాయి. రైతులకు ఉచిత కరెంటూ పగటిపూటే ఇస్తున్నారు, మంచిదే. ఆరు దాటితే సోలార్ పడుకుంటుంది, ఇళ్లలో ఏసీలు లేస్తాయి. రాత్రి పది దాకా ఆ నాలుగు గంటలే మాకు గండం.

విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, కొండపల్లి... ఈ స్టేషన్లన్నీ గ్యాస్‌ను నమ్ముకుని కట్టినవే. 2009లో మన తీరం దగ్గర సముద్రంలోని కేజీ డీ6 బావుల గ్యాస్ మొదలైనప్పుడు మాతో పనిచేసినవాళ్లు ఫోన్ చేసి మరీ సంబరపడ్డారు. ఆ బావుల్లో దిగుబడి పడిపోయి, 2013 మార్చికల్లా కరెంటు స్టేషన్లకు ఆ గ్యాస్ పూర్తిగా ఆగిపోయింది. 2015లో కేంద్రం ఓడల్లో వచ్చే విదేశీ ద్రవ గ్యాస్ (ఎల్‌ఎన్‌జీ)కి సబ్సిడీ ఇచ్చి రెండేళ్లు కొన్నింటిని నడిపించింది, తర్వాత అదీ లేదు. మళ్లీ 2024 మే, జూన్ నెలలకు విద్యుత్ చట్టం సెక్షన్ 11 కింద గ్యాస్ స్టేషన్లను నడపమని ఆదేశించింది. ఎండలు ముదిరాక గుర్తుకొస్తే ఎలా? ఏళ్ల తరబడి ఆపిన యంత్రం తుప్పు పడుతుంది, దాని చెయ్యి తెలిసిన ఫిట్టర్లూ చెదిరిపోతారు.

గ్యాస్ అంటే నాకేదో మోజు అనుకోకండి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలి చనిపోయారు. మా ఊరి పేరు లాంటి పేరు కావడంతో టీవీలో విని ఉలిక్కిపడ్డాను. పైపులు సరిగా చూసుకోకుండా గ్యాస్ కావాలని అడిగే హక్కు ఎవరికీ లేదు.

రోజంతా విదేశీ గ్యాస్ కాల్చమనీ అనను. ఆ ఖర్చు చివరికి మా బిల్లులోనే ఇంధన సర్దుబాటు కింద తేలుతుంది. మన తీరంలో దొరికే గ్యాస్‌లోనే కొంత, మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రం ఆరు నుంచి పది వరకు నడిచేలా ఈ స్టేషన్లకు పక్కన పెట్టాలి. ఆ ఒప్పందం సంక్రాంతికల్లా తేల్చాలి, ఏప్రిల్‌లో కాదు.

అయినా కోత తప్పదంటే, ఏ ఫీడర్‌కు ఏ టైంలోనో ముందురోజే చెప్పండి. మగ్గం మేమే ఆపుకుని, ఛార్జింగ్ లైటు వెలుతురులో పడుగు అతుక్కుంటాం.

ఇట్లు,
ఒక మగ్గాల మనిషి, నగరి