ఇల్లు చూసేది రాత్రిపూట చూడండి

సంపాదకునికి,

మా అమ్మాయికి సెకండ్ షిఫ్ట్. మియాపూర్ మెట్రోలో దిగేసరికి రాత్రి పది దాటుతుంది. అందుకని నిజాంపేట వైపు అద్దె ఇల్లు వెతికాం. ఆదివారం పొద్దున చూసిన ఫ్లాట్ అందరికీ నచ్చింది. గాలి, వెలుతురు, మంజీరా నీళ్లు, గేటు దగ్గర సీసీ కెమెరా. అడ్వాన్స్ ఇచ్చేముందు ఎందుకో మనసొప్పక, రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ వెళ్లాను. మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా పదకొండు స్తంభాలుంటే నాలుగే వెలుగుతున్నాయి. మధ్యలో తుప్పలు పెరిగిన ఖాళీ ప్లాట్లు, కుక్కల గుంపు. మలుపులో కిరాణా కొట్టావిడ, "చీకటి పడితే ఆడపిల్లలు ఇటు రారమ్మా, చుట్టూ తిరిగొస్తారు" అంది. బ్రోకర్ ఈ ముక్క చెప్పలేదు. గేటు కెమెరా గేటునే చూస్తుంది, దారిని కాదు కదా!

ఇల్లు వెతికేవాళ్లకి ఆ చుట్టుపక్కల జరిగే నేరాల సంగతీ తెలియాలి. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, సున్నితమైన కేసులు మినహా. అవి ఒక్కొక్కటీ తెరిచి ఏ కాలనీలో ఏం జరిగిందో ఏరుకోవడం మామూలు మనిషికి అయ్యే పనేనా? గొలుసు దొంగతనాలు, ఇళ్ల దొంగతనాలు, ఆడపిల్లల వెంటపడటం... పోలీసులు కాలనీవారీగా నెలకోసారి లెక్క చెబితే చాలు. బాధితుల పేర్లు అక్కర్లేదు.

మేం ఆ ఫ్లాట్ వదిలేసి బస్టాపు పక్క సందులో చిన్న ఇల్లు తీసుకున్నాం. అద్దె రెండు వేలు ఎక్కువ. ఆ ఫ్లాట్ దారిలోని ఏడు లైట్లు మాత్రం ఇంకా వెలగాలి, మున్సిపాలిటీ వాళ్లు ఈ వారంలోనైనా వేయించాలి.

- ఒక తల్లి, హైదరాబాద్